టైపిస్టమ్మకు సన్మానం

మా ఆఫీసులో ఎవరు రిటైరైనా శాలువా కొనుక్కొచ్చే పని నా మీదే పడేది. అందరికంటే ఆఖరున చేరినదాన్ని. పైగా ఆడమనిషిని కాబట్టి బట్టల దుకాణంలో గట్టిగా బేరమాడతానని మావాళ్ళ నమ్మకం. కరోనా కాలంలో ఒక మార్చిలో మా టైపిస్టమ్మ రిటైరవుతుందని మక్తల్ బజారుకు వెళ్ళి ముదురాకుపచ్చ శాలువా ఒకటి తెచ్చాను. పూలదండకు చెప్పి వచ్చాను. ఫ్లెక్సీ కూడా కొట్టించాను. పాస్‌పోర్టు ఫొటోను అంత పెద్దది చేయడంతో ఆమె ముఖం మసకగా వచ్చింది. అయినా కింద అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి కదా అని సరిపెట్టుకున్నాం. ఇంకో రెండు రోజుల్లో సన్మానం ఉందనగా ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసు పెంచింది. ఆ నెలాఖరుకు దిగిపోవలసినవాళ్ళకు కూడా అది వర్తిస్తుందని మా డిప్యూటీ తహసీల్దారు ఫోన్‌లో ఉత్తర్వు చదివి వినిపించాడు.

ఆఫీసంతా సంబరపడింది. ఎవరో మిఠాయి డబ్బా తెప్పించారు. ఫ్లెక్సీని చుట్టి బీరువా మీద పెట్టారు. సన్మానం జరగవలసిన మనిషి మాత్రం కుర్చీలో కూలబడి, మాస్కు గదవ కిందికి లాక్కుని మమ్మల్ని ఎగాదిగా చూసింది.

“ఇంగ మూడేండ్లు ఈ కొంపల్నే ఉండాల్నా? ఇంట్ల అందరికి చెప్పుకున్న. ఒంట్ల చేతగాక కాదు, ఇంటికి పోయినంక కడుపు నిండ నీళ్ళు తాగుతనని మురిసిన.”

మగవాళ్ళు నవ్వారు. టైపిస్టమ్మ ఎప్పుడూ ఇలాగే మాట్లాడుతుందని ఒకాయన అన్నాడు. నేను నవ్వలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే నేను ఆ ఆఫీసులో చేరిన రోజు దాకా వెళ్ళాలి.

మాది భువనగిరి వైపు ఒక చిన్న ఊరు. బాపు గొర్లు కాసేవాడు. పోటీ పరీక్ష రాసి జూనియర్ అసిస్టెంటుగా ఎంపికైతే ఇటు పాలమూరు వైపు, మక్తల్ అవతలి మండలంలో తహసీల్దారు ఆఫీసుకు వేశారు. కొత్త చీర కట్టుకుని, బ్యాగులో పెద్ద నీళ్ళ సీసా పెట్టుకుని మొదటి రోజు వెళ్ళాను. ఎండకు నోరెండిపోయి సీసా తీసి గటగటా తాగుతుంటే పక్క బల్ల దగ్గరి పెద్దావిడ నా చేతిలోంచి దాన్ని లాక్కుంది.

“గట్ల తాగకు పిల్లా. పెదవులు తడుపుకో, చాలు. ఈడ ఆడోళ్ళకు బాత్రూం లేదు.”

అలా ఆమె నాకు పరిచయమైంది. చాలా ఏళ్ళ కింద టైపిస్టుగా చేరి, అప్పటికి సీనియర్ అసిస్టెంటు అయింది. టైపు మిషన్ ఎప్పుడో పాత సామాను కింద పోయింది. అయినా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఆమె ఇంకా టైపిస్టమ్మే. నేను అక్కా అని పిలిచేదాన్ని. కొత్తకోట దగ్గరి ఊరి నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. మెత్తటి మనిషి కాదు. కాగితాలు సరిగ్గా తేకుండా వచ్చిన రైతు మీద అరిచిందంటే ఆ గొంతు గేటు దాకా వినిపించేది. అరుస్తూనే ఆ కాగితం ఎక్కడ దొరుకుతుందో, ఎవరిని అడగాలో చెప్పేది. మళ్ళీ వచ్చినప్పుడు మరిచిపోయి ఇంకోసారి అరిచేది. నన్ను కూడా తిట్టింది. నేను మొదటి నెల రెండుసార్లు ఏడ్చాను.

బాత్రూం లేదని అక్క అన్నది గానీ, నిజానికి ఉంది. ఆఫీసు వెనక పక్కపక్కనే రెండు గదులు కట్టారు. మగవాళ్ళది తెరిచే ఉండేది. ఆడవాళ్ళ గదికి తాళం. జిల్లాలు విడగొట్టినప్పుడు వచ్చిపడిన ఫైళ్ళ మూటలు, విరిగిన కుర్చీలు, ఓటు వేసేచోట అడ్డం పెట్టే అట్టలు అన్నీ అందులో కుక్కారు. తహసీల్దారు గారి గదిలో ఇంకొకటి ఉంది, అది ఆయనకు మాత్రమే. మాకు రోడ్డుకు అవతలి ఇల్లే దిక్కు. ఆ ఇంటావిడతో అక్కకు పాత స్నేహం. రోజుకు ఒకసారి, మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఇద్దరం చుట్టపుచూపుకు పోయినట్టు నవ్వుమొహం పెట్టుకుని ఆ ఇంట్లోకి వెళ్ళేవాళ్ళం. ఇంటికి తాళం వేసి ఉంటే ఆ నవ్వుమొహంతోనే వెనక్కి వచ్చేవాళ్ళం.

చిన్నప్పుడు బాపు వెంట గొర్ల మందతో తిరిగినదాన్ని. బయలు దొరకని బాధ నాకు తెలియదు. ప్రభుత్వ ఉద్యోగం వచ్చి, ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నాక ఆ బాధ తెలిసింది. అమ్మ ఫోన్ చేసి, “ఆఫీసు మంచిగున్నదా బిడ్డా?” అంటే మంచిగున్నదనే చెప్పాను. ఏమని చెప్పను?

అక్కకు మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చి మహబూబ్‌నగర్ దవాఖానలో తీయించుకుంది. ఒకసారి తీసినా మళ్ళీ వచ్చాయి. నీళ్ళు బాగా తాగాలని డాక్టరు చెప్పిందట. “మా ఆఫీసుకొచ్చి చెప్పు డాక్టరమ్మా అన్న” అంటూ నవ్వింది. తహసీల్దార్లు మారినప్పుడల్లా, పూలగుత్తి ఇచ్చిన రోజే ఆ గది సంగతి అడిగేదట. కొత్త బిల్డింగు వస్తుందని ఒకాయన అన్నాడు. ఎస్టిమేట్ పంపానని ఇంకొకాయన అన్నాడు. చూద్దాం అమ్మా అని అందరూ అన్నారు. ఎవరూ కాదనలేదు. అక్కకు అదే ఎక్కువ కోపం.

“కాదంటే కొట్లాడొచ్చు పిల్లా. చూద్దామన్నోనితోని ఎట్ల కొట్లాడుతవ్?”

వయసు పెంచిన మరుసటి ఏడాది ఎండాకాలంలో ఒక సంగతి జరిగింది. అప్పటికి భూముల రిజిస్ట్రేషన్లు మా ఆఫీసులోనే అవుతున్నాయి. పొద్దున్నుంచి వరండా నిండా జనం. కొడుకులకు భూమి పంచిద్దామని ఒక గొల్ల ముసలమ్మ వచ్చింది. జీవితమంతా రాళ్ళలో, ముళ్ళలో పనిచేసిన చేతులు. వేలిముద్ర మిషన్ మీద ఎంతకూ పడలేదు. కడుక్కొని రమ్మన్నారు, తుడుచుకొని రమ్మన్నారు, సర్వర్ నెమ్మదిగా ఉంది, కూర్చోమన్నారు. ఆమె లేస్తే తన వంతు పోతుందేమోనని కొడుకు లేవనివ్వలేదు. ఎక్కడికి పోవాలన్నా చోటు కూడా లేదు. వెనక తుమ్మచెట్లు కొట్టేసి దుకాణాలు కట్టారు.

మధ్యాహ్నం దాటాక వరండాలో గుసగుసలు వినిపించాయి. ముసలమ్మ కూర్చున్నచోటనే చీర తడిసింది. చుట్టూ ఉన్నవాళ్ళు దూరం జరిగారు. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. కొడుకు తల వంచుకుని నిలబడ్డాడు. “ఏందే అవ్వా, చెప్పొద్దా?” అని మాత్రం అన్నాడు.

అక్క తన బల్ల దగ్గర నుంచి లేచి వెళ్ళింది. నేను వెనకాల పరుగెత్తాను. ఆమె ముసలమ్మ భుజం పట్టి లేపింది.

“నడువవ్వా, కడుక్కుందువు. నువ్వేం సిగ్గుపడకు. సిగ్గు మాది.”

వెనక్కి తీసుకుపోతుందనుకున్నాను. నేరుగా తహసీల్దారు గారి గది తలుపు తోసింది. లోపల ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు టీ తాగుతున్నారు. సార్ తలెత్తి చూశారు.

“ఏంటమ్మా ఇది? మీటింగులో ఉన్నాను.”

“సార్, జర మీరందరు బయట కూసోండ్రి. అవ్వ బాత్రూంల కడుక్కోవాలె.”

“ఇది నా చాంబర్!”

“తెల్సు సార్. ఈ ఆఫీసుల ఆడోళ్ళు పొయ్యేటందుకు తెరిచున్న తలుపు గిదొక్కటే. గా ఎనుక తాళం తీపియ్యుండ్రి, గీడికి ఎవ్వరం రాము.”

పెద్దమనుషులు టీ గ్లాసులు పట్టుకునే లేచి బయటికి నడిచారు. వాళ్ళ వెనక సార్ కూడా రావలసి వచ్చింది. ఆయన ముఖం ఎర్రబడింది. అక్క లోపల గడియ వేసుకుని ముసలమ్మకు నీళ్ళు పోసింది. నేను రోడ్డు అవతలి ఇంట్లో అడిగి పాత చీర ఒకటి తెచ్చాను. ముసలమ్మ చీర మార్చుకుని బయటికి వచ్చి, అక్క గదవ పట్టుకుని, ఆ వేళ్ళను ముద్దు పెట్టుకుంది. ఆ రోజు ఆమె పని కాలేదు. మరో రోజు రమ్మన్నారు.

సాయంత్రం అక్కకు మెమో ఇచ్చారు. పై అధికారి గదిలోకి అనుమతి లేకుండా ప్రవేశించి, విధులకు ఆటంకం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఆ మెమోను నాతోనే టైపు చేయించారు. నాకు అక్షరాలు కనబడలేదు. తప్పులు పడుతుంటే అక్క వెనక నిలబడి సరిచేసింది. “ఆటంకంల సున్న బెట్టు” అన్నది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఇంత అన్యాయానికి సున్నా దిద్దడమేమిటి అనిపించింది.

అప్పటి నుంచి నాకు ఒక పట్టుదల పుట్టింది. ఈమెకు గౌరవం జరగాలి, అదీ అందరి ముందు జరగాలి. రాష్ట్ర అవతరణ దినోత్సవం నాడు జిల్లా మైదానంలో ఉత్తమ ఉద్యోగులకు ప్రశంసాపత్రాలు ఇస్తారు. ఆ ఏడు ఆమె పేరు పంపమని డిప్యూటీ తహసీల్దారును బతిమాలాను. ఆయన పంపాడు. మెమో ఉన్న మనిషికి ప్రశంసాపత్రం ఏమిటని పైనుంచి కొట్టేశారు. ఆమెకు బదులు మా ఆఫీసు నుంచి బదిలీ అయిపోయిన ఒకాయనకు వచ్చింది. ఆయన ఆ మైదానానికి రానే లేదు.

మరుసటి ఏడాదికి మెమో ఇచ్చిన తహసీల్దారు మారాడు. సంజాయిషీ కాగితం ఎక్కడో అడుగున పడింది. ఈసారి నేను జిల్లా ఆఫీసుకు స్వయంగా వెళ్ళి, ఆ సెక్షన్ గుమాస్తా బల్ల ముందు కదలకుండా కూర్చున్నాను. “నీకేమైతదమ్మా ఆమె?” అన్నాడాయన విసుగ్గా. ఏమీ కాదన్నాను. పేరు ఎక్కింది. అక్కకు చెబితే, “ఎందుకే గీ లొల్లంత?” అన్నది గానీ, ఆ రోజుకు గద్వాల చీర కట్టుకుని వచ్చింది. తల్లో మల్లెపూలు కూడా పెట్టుకుంది. ఆమెను పూలతో చూడడం నాకదే మొదటిసారి.

పొద్దున్నే రమ్మన్నారు. ఎండ నడినెత్తికి ఎక్కేదాకా ముఖ్య అతిథి రాలేదు. పెద్దలకు షామియానా, కూలర్లు. ప్రశంసాపత్రాలు తీసుకునేవాళ్ళకు ఆ షామియానా అంచున ప్లాస్టిక్ కుర్చీలు. అక్కడ నీడ కాసేపు ఉండి జరిగిపోయింది. వడదెబ్బ తగులుతుందని మజ్జిగ ప్యాకెట్లు పంచారు. అక్క వద్దు వద్దంటూనే ఎండకు తాళలేక ఒకటి తాగింది. పోలీసుల కవాతు, పిల్లల నాట్యాలు, ప్రసంగాలు అన్నీ అయ్యాక పత్రాలు ఇవ్వడం మొదలైంది. ఒక్కో శాఖా వస్తున్నది. మా శాఖ వంతు ఎప్పుడో ఎవరికీ తెలియదు.

అక్క నా చెవిలో, “పిల్లా, ఇంగ నాతోని గాదు” అన్నది.

మైదానం మూలన ఆడవాళ్ళకు బాత్రూం బండి ఒకటి పెట్టారు. దాని ముందు ఒక కానిస్టేబుల్ నిలబడ్డాడు. స్టేజి పాసు ఉన్నవాళ్ళకే అన్నాడు. స్టేజి మీద పత్రం తీసుకోబోయే మనిషి అని నేను చెప్పాను. మెడలో కార్డు ఏదన్నాడు. కార్డు ఎవరూ ఇవ్వలేదు. నేను వాదించడం మొదలుపెట్టాను. అక్క నా చెయ్యి పట్టి ఆపింది.

“నువ్వు కుర్చీల కాడ కూసో. పేరు పిలిస్తె ఫోన్ జెయ్యి. నేను గా ఇండ్లల్ల ఎవరినన్న అడుగుత.”

గద్వాల చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని ఆమె గేటు దాటి పోవడం చూశాను. కుర్చీలోకి వచ్చి కూర్చున్నానో లేదో మా శాఖ వచ్చింది. మైకులో ఆమె పేరు పిలిచారు. ఫోన్ చేశాను. ఆ ఫోన్ నా ఒళ్ళోని ఆమె బ్యాగులోనే మోగింది. రెండోసారి పిలిచారు. పక్క వరుసలోని మా డిప్యూటీ తహసీల్దారు లేచి నిలబడి నా వైపు చేతులు ఊపాడు. “ఎక్కు, ఎక్కు! లేకుంటే తీసేస్తరు!” నేను రెండు బ్యాగులూ భుజాన వేసుకుని పరుగెత్తి స్టేజి ఎక్కాను.

అతిథి నా వైపు చూడనైనా చూడలేదు. కాగితం నా చేతిలో పెట్టి, కెమెరా వైపు తిరిగి, “ఇంతకాలం సేవ చేశారు, సంతోషం” అన్నాడు. నాకు అప్పటికి ముప్పై కూడా నిండలేదు. ఎవరో నన్ను ముందుకు తోశారు. దిగి వచ్చాక చాలాసేపటికి, జనం లేచి పోతుండగా, అక్క చెమటలు కక్కుతూ వచ్చింది. మూడు ఇళ్ళు తిరిగితే గానీ ఎవరూ తలుపు తీయలేదట. అందరూ పండుగ చూడడానికి ఈ మైదానానికే వచ్చారట.

నేను ఆ కాగితం ఆమె చేతిలో పెట్టి ఏడ్చాను. ఆమె దాన్ని చదవకుండానే మడిచి బ్యాగులో పెట్టుకుంది.

తిరుగు బస్సు ఎక్కాం. అక్క కిటికీలోంచి చూస్తూనే అన్నది. “నాకు కాయిదం ఇప్పియ్యాల్నని నీకెందుకే? నేను నిన్ను అడిగిన్నా?”

“నీకు మర్యాద జరగాలనే అక్కా.”

“మర్యాదనే చెయ్యాల్నంటే గా ఎనుక తలుపు తెరిపియ్యి. నాకు గదొక్కటే మర్యాద. కాయిదాలు నేనే మస్తుమందికి టైపు గొట్టిచ్చిన.”

మరునాడు పేపర్లో నా ఫొటో, దాని కింద ఆమె పేరు వచ్చాయి. ఆఫీసులో ఆ ముక్కను గోడకు అంటించి అందరూ పడీపడీ నవ్వారు. నేను చింపేశాను.

ఆ రోజు నుంచి తలుపు వెంట పడ్డాను. ఫైళ్ళ మూటలు తీయాలంటే పెట్టడానికి జాగా చూపించమన్నారు. జాగా చూపిస్తే, వాటిని కదిలించడానికి జిల్లా ఆఫీసు అనుమతి కావాలన్నారు. అనుమతికి రాస్తే, ముందు అవి ఏ ఫైళ్ళో రాసి పంపమన్నారు. అవి రాయాలంటే తాళం తీయాలి. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఇంజనీర్లను అడిగితే మీ బిల్డింగు మా కిందికి రాదన్నారు. పంచాయతీవాళ్ళు అది ప్రభుత్వ ఆఫీసు, మేము ముట్టుకోం అన్నారు. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతుంటే, మా వరండాలో నిలబడే జనం కడుపులో ఎంత మంట ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది. నేను కూడా అదే సర్కారు ఉద్యోగిని, అయినా నాకే ఇట్లా ఉంది. అలా తిరుగుతుండగానే అక్క పదవీకాలం ముగిసే మార్చి మళ్ళీ వచ్చింది.

ఈసారి ఎన్నికల కోడ్ వచ్చింది. ఎన్నికల ముందు బదిలీల్లో మా తహసీల్దారు పోయి, ఇంకో జిల్లా నుంచి కొత్తాయన వచ్చాడు. రోజూ శిక్షణలు, వీడియో కాన్ఫరెన్సులు. నెల ఆఖరి రోజు ఆదివారం పడింది కాబట్టి శనివారమే సన్మానం కానిచ్చేద్దామన్నారు. పాత ఫ్లెక్సీని బీరువా మీద నుంచి తీస్తే ఎలుకలు కొరికి ఉంది. కొత్తది కొట్టిద్దామంటే ఎన్నికల సమయంలో ఫ్లెక్సీలొద్దని సార్ అన్నాడు. భోజనాలు పెడదామంటే ఆ రోజు సగం మంది డ్యూటీల మీద పోయారు. చివరికి మధ్యాహ్నం అరగంట సమయం దొరికింది. అక్క భర్త కూడా వచ్చాడు. కొత్తకోటలో చిన్న సైకిల్ దుకాణం నడిపిన మనిషి, తెల్ల చొక్కా వేసుకుని గోడవార కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు.

సార్ లేచి, ఫోన్‌లో రాసుకున్నది చూస్తూ మాట్లాడాడు. “మేడమ్ గారు మృదుస్వభావి. ఎవరినీ పల్లెత్తు మాట అనరు” అన్నాడు. ఎవరో ఆపుకోలేక దగ్గారు. అక్క భర్త తల వంచుకుని నవ్వుకున్నాడు. శాలువా కప్పి, దండ వేసి, ఫొటో దిగగానే సార్‌కు ఫోన్ వచ్చింది. చెవి దగ్గర పెట్టుకుని వరండాలోకి పోయాడు. అక్కను మాట్లాడమన్నారు. ఆమె కుర్చీ వెనక నిలబడి, దాని వీపు రెండు చేతులతో పట్టుకుంది.

“మీరందరు నాతోని తిట్లు తిన్నోళ్ళే. మంచిగనో చెడ్డగనో, పని అయ్యేటట్టు జూసిన. నాకు శాలువ గప్పిన్రు, సంతోషం. రేపటిసంది నేను మా ఇంట్ల ఉంట. నా ఇంట్ల బాత్రూం ఉన్నది. గీ పిల్ల ఈడనే ఉంటది. గా వరండాల ఆడోళ్ళు ఈడనే నిలవడుతరు. వాళ్ళకోసం గా రూము తాళం తియ్యుండ్రి. నేను ఎందరు సార్లకు చెప్పిన్నో నాకే యాదికి లేదు. ఇంగ నాకు చెప్పే అక్కర లేదు. నోరు నొచ్చింది.”

ముందు ఆమె భర్త ఒక్కడే చప్పట్లు కొట్టాడు. తర్వాత మేమందరం కొట్టాం. సరిగ్గా అప్పుడే సార్ లోపలికి వచ్చి, ఏం జరిగిందో తెలియకుండానే తనూ కొట్టాడు. “మేడమ్ ఏమన్నారు?” అని నన్నడిగాడు. చెప్పాను.

“అందులో ఎన్నికల సామాను ఉంది కదమ్మా. కోడ్ అయిపోనివ్వండి, చూద్దాం” అన్నాడు.

కోడ్ అయిపోయింది. ఎండాకాలం పోయి వానలు పడ్డాయి. నేను అడుగుతూనే ఉన్నాను. ఒక పెద్ద అధికారిణి తనిఖీకి వస్తున్నదని తెలిసినప్పుడు మాత్రం ఆఫీసు ఉరుకులు పెట్టింది. అప్పటిదాకా కుదరనిదంతా ఒక్క వారంలో కుదిరింది. తాళం పగలగొట్టారు. ఫైళ్ళ మూటలు పక్క ప్రభుత్వ భవనంలోకి పోయాయి. ఎవరి అనుమతీ ఎవరూ అడగలేదు. సున్నం వేశారు, కొత్త తలుపు పెట్టారు, గోడకు నాపరాతి పలక బిగించారు. పలక మీద ప్రారంభించినవారి పేరు, ఆధ్వర్యం వహించినవారి పేర్లు ఉన్నాయి. రిబ్బన్ కత్తిరించడానికి అక్కను పిలుద్దామని అన్నాను. “రిటైరైనవాళ్ళకు ప్రోటోకాల్ ఉండదమ్మా” అన్నాడు సార్.

ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేశాను. తెరిచారని చెప్పగానే సంబరపడుతుందనుకున్నాను.

“నీళ్ళొస్తున్నయా?” అన్నది.

రావడం లేదు. నల్లాలు బిగించారు గానీ పైపు ట్యాంకు దాకా వేయలేదు. అధికారిణి తలుపు దాకా వచ్చి, లోపలికి చూసి, బాగుందని పోయింది. మరునాటి నుంచి బయట గొళ్ళేనికి కొత్త తాళం వేలాడింది. జనం పాడుచేస్తారని సార్ తాళంచెవి తన బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. ఆడవాళ్ళు పోవాలంటే ఆయన గదిలోకి వెళ్ళి అడగాలి. ఊరి ఆడవాళ్ళ మాట అటుంచి, నేనే ఒక్కరోజు కూడా అడగలేకపోయాను. మళ్ళీ ఫోన్ చేసి ఆ సంగతి కూడా అక్కకు చెప్పాను.

ఆ ఆదివారం నన్ను ఆఫీసుకు రమ్మన్నది. నేను వెళ్ళేసరికి గేటు తీసి ఉంది. సెలవు రోజున అక్క ఒక కుర్చీ వేసుకుని వెనక వాకిట్లో కూర్చుంది. చేతిలో నీళ్ళ సీసా. ఆమె తోడబుట్టిన పెద్దక్క కొడుకు కొత్తకోటలో నల్లాల పని చేస్తాడు. అతన్ని సామానుతో సహా వెంటబెట్టుకొచ్చింది. పక్కన మా అటెండరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఆఫీసు తాళాలు, సార్ సొరుగుల తాళంచెవి ఎట్ల ఇచ్చినవన్నా?” అని అతన్ని మెల్లగా అడిగాను.

“ఇయ్యకుంటే ఊకుంటదా? ఇంటికొచ్చి కూసున్నది” అన్నాడు దిగాలుగా.

పొద్దంతా పని జరిగింది. పైపులు కోస్తుంటే ఆమె వంకర పోయిందని అరిచింది, సరిచేస్తే ఆలస్యమైందని అరిచింది. పొద్దు వాలుతుండగా నల్లా మొదట బుస్సుమని గాలి వదిలి, ఎర్రటి నీళ్ళు కక్కి, తర్వాత తెల్లగా పారింది. అక్క లేచి వచ్చి చెయ్యి పెట్టి చూసింది. నేనూ దోసిలి పట్టి ఆ నీళ్ళు ముఖాన చల్లుకున్నాను. ఆమె మాత్రం తలుపు వైపు తిరిగింది.

“ఇంగ గీ గొళ్ళెం ఊడదియ్యి” అన్నది అతనితో.

“చిన్నమ్మా, కొత్త తలుపు గదా?”

“లోపటి గడియ ఉండనియ్యి. బయటిది తియ్యి. తాళం ఏడ ఏస్తరో నేను గూడ జూస్త.”

అతను మరలు విప్పి గొళ్ళెం తీశాడు. రంధ్రాల్లో సిమెంటు కూరి, పైన రంగు పూశాడు. అక్క ఆ గొళ్ళేన్ని, దానికున్న తాళాన్ని కాగితంలో చుట్టి అటెండరు చేతిలో పెట్టింది. “సార్ టేబుల్ మీద బెట్టు. టైపిస్టమ్మ ఇచ్చిందని చెప్పు.” తర్వాత ఆ గదిలోకి వెళ్ళి లోపల గడియ వేసుకుంది. బయటికి వచ్చి ముఖం తుడుచుకుని, సీసాలో మిగిలిన నీళ్ళన్నీ నిలబడే తాగేసింది. బస్సు టైమైందని పోయింది.

సోమవారం సార్ ఆ పొట్లం విప్పి మండిపడ్డాడు. ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించారన్నాడు. రిటైరైన మనిషికి మెమో ఎట్లా ఇవ్వాలో ఎవరికీ తెలియలేదు. నా పేరు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఆయన కూడా బదిలీ అయ్యాడు. గొళ్ళెం మళ్ళీ బిగించాలని ఎవరికీ తోచలేదు.

ఇదంతా సుఖంగా ముగిసిందని రాయాలని ఉంది గానీ, మొన్న ఎండల్లో బోరు మోటారు కాలిపోయింది. బాగు చేయించమని కొత్త సార్‌కు రాసిచ్చాను. చూద్దాం అన్నాడు. మళ్ళీ రాసిచ్చాను. ఇప్పుడు రోడ్డు మీది చేతిపంపు దగ్గర నుంచి నేనూ, కొత్తగా చేరిన ఇంకో అమ్మాయీ బకెట్లతో నీళ్ళు తెచ్చి పోస్తున్నాం. అది చూసి, పనుల మీద వచ్చిన ఊరి ఆడవాళ్ళు కొందరు తమ వంతుగా ఒక్కో బకెట్ తెచ్చి గది ముందు పెట్టి, వరండాలోని వరుసలో పోయి నిలబడుతున్నారు.